ఒకే రేకు నుంచి వెండి ఉగ్గుగిన్నె: అంచు పగుళ్లు, ఊదారంగు మచ్చలు

గుంటూరు_రేకు:

నమస్కారమండీ. నగల బల్ల పని తెలుసు, పాత్రల పని కొత్త. ఒకే రేకుని సుత్తితో లేపి, ఎక్కడా అతుకు లేకుండా ఉగ్గుగిన్నె (పసిపిల్లలకి పాలు పట్టేది) చెయ్యాలని ప్రయత్నం. తీగలూ పూలూ లేని సాదా ఆకారం. మూతి (పాలు జారే ముక్కు) కూడా విడిగా అతికించకుండా గోడలోంచే సాగి రావాలి. పైన సుత్తి దెబ్బలు కనపడాలి. నోరు 70 మి.మీ., లోతు 30 మి.మీ. అనుకుంటున్నా.

రేకు: పాత పట్టీలు, మట్టెలు కరిగించి ఇక్కడే మిల్లులో తీయించింది, 18 గేజి (మందం నంబరు). వేడికి బ్యూటేన్ పెన్ టార్చ్. పుల్లనీళ్లకి (కాల్చాక నల్లపొర పోగొట్టే నీళ్లు) పటిక.

మూడో విడత సుత్తికి అంచు మీద సన్నటి పగుళ్లు వస్తున్నాయి. మెరుగు పెట్టాక ఏటవాలు వెలుతురులో ఊదారంగు మబ్బు కనపడుతోంది, తోమితే పోవట్లేదు. మూడోది అడగాల్సింది: షాపులో ఇదే తూకం గిన్నె చాలా తక్కువ మజూరీకి ఇస్తున్నారు, అదీ చేతి పనే అంటున్నారు. చూసి ఎలా పోల్చుకోవాలి?


దాగలి_బెజవాడ:

పగుళ్లకి సగం కారణం మీ సుత్తి కాదండీ, రేకే. పట్టీల్లో వెండి ఎంత టచ్ (శుద్ధత) ఉంటుందో వాటిని అమ్మినవాళ్లకే తెలియాలి. దానికి తోడు ప్రతి గొలుసు కొక్కేనికీ టంకం ఉంటుంది. అందులో జింకు, ఒక్కోసారి క్యాడ్మియం. ఎప్పుడో ఎవరో సీసం మాటు పెట్టి ఉంటే ఇక చెప్పక్కర్లేదు, కొంచెం సీసం కలిసినా వెండి పెళుసెక్కి సుత్తి కింద చిట్లుతుంది. పట్టీల వెండితో మళ్లీ పట్టీలే చేయించుకోండి. పసిపిల్ల నోట్లో పెట్టే గిన్నెకి మాత్రం వద్దు.

999 (వెయ్యికి 999 పాళ్లు వెండి) బిళ్ళ కొని 925 మీరే కలుపుకోండి. 100 గ్రాముల 999 వెండికి 8 గ్రాముల రాగి. కరెంటు తీగ రాగి బాగుంటుంది, కానీ పైన వార్నిష్ పూత ఉన్న మోటారు తీగ అయితే ముందు కాల్చి గీకాలి. మూసలో (కరిగించే పాత్ర) వెలిగారం (బోరాక్స్) చల్లి వెండి కరిగాక రాగి వెయ్యండి. కడ్డీ అచ్చుని వేడి చేసి, నూనె రాసి పొయ్యండి. చల్లటి అచ్చులో పోస్తే కడ్డీలో పొరలు పడతాయి, అవే తర్వాత రేకులో పొక్కులౌతాయి. రోలర్‌లో మందం సగానికి తగ్గిన ప్రతిసారీ కాల్చాలి, అంటే వేడి చేసి మెత్తబరచాలి. రేకు అంచులు ఎలాగూ చీలతాయి, కత్తిరించెయ్యండి.

గిన్నెకి కోసే గుండ్రటి బిళ్ల వ్యాసం ఎంత అంటే నోరు + లోతు. మీ లెక్కకి 100 మి.మీ. గుండ్రం. 1 మి.మీ. మందంలో అది 81 గ్రాములు. చదరపు రేకులోంచి కోస్తారు కాబట్టి కనీసం 104 గ్రాముల రేకు కావాలి, రోలర్ అంచుల తరుగు కలుపుకుంటే 125 గ్రాముల 999, 10 గ్రాముల రాగితో మొదలుపెట్టండి. మిగిలిన ముక్కలు మళ్లీ మూసలోకే. అసలు మొదటి రెండు గిన్నెలు రాగి రేకుతో చెయ్యడం మంచిది. అదే బిళ్ల రాగిలో 70 గ్రాములు, దెబ్బకి దాదాపు వెండిలాగే లొంగుతుంది.

ఇక కాల్చడం. లోహాల్లో వేడిని అన్నిటికంటే వేగంగా పాకించేది వెండి. పెన్ టార్చ్ చిన్న మంట ఇచ్చే వేడి రేకంతా పాకి చెదిరిపోతుంది, ఒక మూల ఎర్రబడేలోపు రెండో మూల గట్టిగానే ఉంటుంది. గట్టిగా ఉన్నచోటే మీ పగులు. 5 కిలోల ఎల్‌పీజీ సిలిండర్, వెడల్పు మూతి బర్నర్, మూడు వైపులా ఫైర్ బ్రిక్స్, కింద తిరిగే పళ్లెం. మంట మెత్తగా, పెద్దగా ఉండాలి. చీకటి మూలన చెయ్యండి. 925కి 600 నుంచి 650 డిగ్రీలు చాలు, చీకట్లో అది కనీకనపడని ఎరుపు. వరండాలో మిట్టమధ్యాహ్నం ఎండలో మీకు ఎరుపు కనిపించిందంటే అప్పటికే దాటిపోయారు. 802 దగ్గర 925 కరగడం మొదలౌతుంది. గుర్తు కోసం గిన్నె మీద పర్మనెంట్ మార్కర్‌తో గీతలు గియ్యండి, గీత మాయమైందంటే చాలు, మంట జరపాలి. ఎరుపు పూర్తిగా పోయాకే నీళ్లలో ముంచాలి. ఎర్రగా ఉండగా ముంచినా పగులుతుంది.

సుత్తి పని. బిళ్ల కోశాక అంచుని ఆకురాయితో, ఆ తర్వాత 400 ఎమరీతో నున్నగా తియ్యండి. కత్తెర వదిలిన ప్రతి గాటూ రేపటి పగులే. కంపాస్‌తో 8 మి.మీ. ఎడంగా వలయాలు గీసుకోండి. చింత మొద్దులో 60 మి.మీ. వెడల్పు, 12 మి.మీ. లోతు గుంట తవ్వి, అంచు నుంచి మధ్యకి గుండ్రం తల సుత్తితో దింపండి. అంచున చీర కుచ్చిళ్లలా మడతలు లేస్తాయి. అవి ఒకదానిమీద ఒకటి పడేలోపే చెక్క సుత్తితో అణచాలి. మడత మీద మడత పడితే ఆ గిన్నె కరిగించుకోవడమే.

తర్వాత దాగలి (రేకుని ఆనించి కొట్టే ఇనప దిమ్మ) మీద లేపడం. గిన్నెని వాలుగా ఆనించి, ఆనిన చోటికి 3, 4 మి.మీ. పైన, రేకు గాల్లో ఉన్నచోట కొట్టాలి. ఆనినచోటే కొడితే లోహం సాగి పలచబడుతుంది. పైన కొడితే చుట్టుకొలత ముడుచుకుని గోడ చిక్కబడుతుంది. పాత్ర పనంతా ఈ తేడాలోనే ఉంది. అడుగు వలయం నుంచి అంచు దాకా ఒక విడత. విడత చివర గిన్నెని ఇసుక సంచిలో నిలబెట్టి అంచు మీద నిలువుగా తేలికపాటి దెబ్బలు వేసి అంచు మందం పెంచండి. చాలామంది ఇది వదిలేస్తారు, అంచు పలచబడి చీలుతుంది. తర్వాత కాల్చడం, పుల్లనీళ్లు, మళ్లీ వలయాలు. ఇంకో నాలుగు దెబ్బలు ఆగుతుందిలే అని కాల్చడం వాయిదా వెయ్యొద్దు.


కమ్మచ్చు22:

గేజి దగ్గర జాగ్రత్త. యూట్యూబ్‌లో అమెరికా వాళ్లు 18 గేజి అంటే 1.02 మి.మీ. మన మిల్లుల్లో ఎస్‌డబ్ల్యూజీ (బ్రిటిష్ గేజి) లెక్క, అందులో 18 అంటే 1.22 మి.మీ. మీ బిళ్లకి 16 గ్రాములు అదనం, సుత్తికి ఇంకా ఎక్కువ చాకిరీ. మిల్లులో మి.మీ.లోనే చెప్పండి, మైక్రోమీటర్ పెట్టి నాలుగు మూలలా చూసుకోండి.

దాగలికి ఆటోనగర్ వెళ్లండి, గుంటూరులోనూ ఉంది, బెజవాడలోనూ ఉంది. 50 మి.మీ. ఈఎన్8 ఉక్కు రాడ్ ముక్క లేదా పాత యాక్సిల్ ముక్క లేత్ మీద గుండ్రంగా తిప్పించుకుంటే చాలు. గిన్నె లోపలి వంపు కంటే దాని వంపు కొంచెం ఎక్కువ ఉండాలి. తర్వాత మీరే 1000 నంబరు పేపరు దాకా రుద్ది అద్దంలా చేసుకోవాలి, సుత్తి ముఖం కూడా అంతే. దాగలి మీదున్న గీత ప్రతి దెబ్బకీ వెండి మీద అచ్చు పడుతుంది. అపార్ట్‌మెంట్‌లో ఉంటే పక్కవాళ్లతో ముందే మాట్లాడుకోండి :)


పటిక_నీళ్లు:

ఊదా మబ్బు సంగతి. అది మురికి కాదు, రాగి. 925ని కాల్చినప్పుడు ఆక్సిజన్ పైపొర దాటి లోపలికి వెళ్లి అక్కడి రాగిని ఆక్సైడ్‌గా మారుస్తుంది. పుల్లనీళ్లు పైనున్న నల్లటి పొరని తింటాయి, లోపలిదాన్ని ముట్టుకోలేవు. బఫింగ్‌తో (చక్రం మీద మెరుగు) అది ఇంకా స్పష్టంగా బయటపడుతుంది. తెల్ల కాగితం ప్రతిబింబం గిన్నెలో కనపడేట్టు పట్టుకుని చూస్తే హద్దులు తెలుస్తాయి.

రాకుండా చెయ్యాలంటే: మెడికల్ షాపులో బోరిక్ పొడి (క్యారమ్ బోర్డు మీద చల్లేది కూడా ఒకప్పుడు ఇదే), 100 మి.లీ. స్పిరిట్‌కి మూడు నాలుగు చెంచాలు. గిన్నెని వేడిచేసే ముందు ముంచి తీసి, సీసాకి మూత పెట్టి దూరంగా జరిపాకే అంటించండి. ఆకుపచ్చ మంటతో స్పిరిట్ మండిపోయి తెల్లపూత మిగులుతుంది. పూత లేని చోట మరక ఖాయం. వేడిలో ఎంత తక్కువసేపు ఉంటే అంత మంచిది. పెన్ టార్చ్‌తో పది నిమిషాలు కాల్చడం కంటే పెద్ద మంటతో ఒక నిమిషం నయం.

వచ్చేసిన మరకకి రెండు దారులు. అద్దం మెరుగు కావాలంటే 400, 600, 800 నీటి పేపర్లతో గీకి తియ్యడమే. మీలాగా దెబ్బలు కనపడే పనికి ఇంకో పద్ధతి ఉంది. పూత లేకుండా నల్లబడేంత వరకే వేడి చేసి, పుల్లనీళ్లలో వేసి, ఇత్తడి బ్రష్‌తో సబ్బునీళ్లలో తోమాలి. ఇలా నాలుగైదు సార్లు చేస్తే పైన రాగి పోయి శుద్ధ వెండి పొర, పాలతెలుపు తేలుతుంది. కాకపోతే దాని మీద మళ్లీ బఫింగ్ పెట్టకూడదు, పొర చిరిగి మబ్బు తిరిగొస్తుంది.

పటిక పనిచేస్తుంది గానీ కాగబెట్టాలి, చన్నీళ్లలో నిదానం. బ్యాటరీ యాసిడ్ వాడితే మూడు వంతుల నీళ్లలో ఒక వంతు యాసిడ్ పొయ్యాలి, యాసిడ్‌లో నీళ్లు కాదు. ఇనప పటకారు ముంచొద్దు, గిన్నె మొత్తం రాగిరంగు ఎక్కుతుంది. చెక్కది గానీ ప్లాస్టిక్‌ది గానీ వాడండి. చివర వంటసోడా నీళ్లలో కడగాలి.


వన్‌టౌన్_తూకం:

మూడో ప్రశ్నకి. షాపు గిన్నెల్లో ఎక్కువభాగం లేత్ మీద స్పిన్నింగ్ చేసినవి (తిరిగే రేకుని అచ్చుకి అదిమి చేసేవి), లేదా డైలో (ఉక్కు అచ్చు) నొక్కినవి. తప్పేం లేదు, చేతి పని అని అమ్మడమే తప్పు. సుత్తి దెబ్బలు కనపడగానే నమ్మెయ్యకండి, డైలోనే ఆ గుంటలు చెక్కి నొక్కుతారు. ఒకే గుంట అదే కోణంలో మళ్లీ మళ్లీ వస్తుందేమో చూడండి. లోపల వేలు పెట్టి తిప్పితే స్పిన్నింగ్ గీతలు వలయాలుగా తగులుతాయి. అసలు సాక్ష్యం అంచు. సుత్తితో లేపిన గిన్నెకి అంచు అడుగంత మందం, లేదా ఇంకాస్త ఎక్కువ ఉంటుంది. తక్కువ మజూరీ గిన్నె గోడ పలచగా ఉండి, అంచుకి తీగ చుట్టో రేకు మడిచో బలం తెచ్చి ఉంటారు.

ధర విషయంలో నా అభిప్రాయం వేరు. తూకం మీద ఇంత శాతం మజూరీ అనే లెక్క ఇలాంటి పనికి సరిపడదు. 80 గ్రాముల గిన్నెకీ 800 గ్రాముల కంచానికీ గంటల్లో తేడా పదింతలు ఉండదు కదా. గంటలకే కట్టాలి.

ఈ కొత్త తరహా పనిని చూడటం అలవాటవ్వాలంటే మూడు పేర్లు వెతకండి. డెన్మార్క్ కళాకారుడు హెన్నింగ్ కోపెల్ 1952లో అక్కడి వెండి సంస్థ జార్జ్ జెన్సెన్‌కి గీసిన 992 నంబరు కూజా. నగిషీ ఒక్కటి లేదు, కానీ కళ్లు తిప్పుకోలేం. ఇంగ్లండులో జెరాల్డ్ బెన్నీ 1960ల్లో చెట్టు బెరడులాంటి గరుకుతనం తెచ్చాడు. అందం ఒకెత్తు, వేలిముద్రలూ గీతలూ కనపడకపోవడం ఒకెత్తు. జపాన్‌లో పుట్టి లండన్‌లో చదివిన హిరోషి సుజుకి శుద్ధ వెండితో నీటి అలల్లాంటి పాత్రలు లేపుతాడు. శుద్ధ వెండిలో రాగి లేదు కాబట్టి పటిక_నీళ్లు గారు చెప్పిన మరక ప్రశ్నే రాదు. మెత్తన, కాబట్టి మందం ఎక్కువ వాడాలి.

మన దగ్గర పెంబర్తి ఇత్తడి రేకు పని కూడా చూడండి, రేకు వెనక నుంచి ఎత్తే విద్య అదే. కరీంనగర్‌ది తీగ పని, దారి వేరు.

అమ్మే ఆలోచన ఉంటే: గిన్నె మీద మీరు కొట్టుకునే 925 ముద్ర హాల్‌మార్క్ కాదు. బీఐఎస్‌లో (భారత ప్రమాణాల సంస్థ) నమోదై, గుర్తింపు ఉన్న కేంద్రంలో పరీక్ష చేయించాలి. వెండికి అది ఇంకా ఐచ్ఛికమే. 2025 సెప్టెంబరు 1 నుంచి వెండికీ ఆరు అక్షరాలు, అంకెల హెచ్‌యూఐడీ (వస్తువుకో ప్రత్యేక గుర్తింపు) వచ్చింది.


గుంటూరు_రేకు:

అందరికీ థాంక్సండీ. రేకు మార్చేస్తా, రాగితో మొదలుపెడతా. మూతి సంగతి ఎవరూ చెప్పలేదు. గుండ్రం బిళ్లలోంచే లాగొచ్చా, బిళ్లకే ముక్కు వదలాలా? వీలుకాకపోతే విడిగా చేసి కేడీఎం టంకంతో అతకమని ఒకరన్నారు.


దాగలి_బెజవాడ:

కేడీఎం అంటే క్యాడ్మియం. 767 డిగ్రీలకే అది మరిగి ఆవిరౌతుంది, గట్టి టంకం కరిగే వేడి కూడా ఆ చుట్టుపక్కలే. పీలిస్తే ఊపిరితిత్తులకి విషం. పిల్లల పాలు తగిలే చోట అసలు ఊసే వద్దు.

బిళ్లకే ఒకవైపు 12 మి.మీ. ముక్కు వదలండి, మొదలు దగ్గర మూలలు కోణంగా కాకుండా వంపుగా కొయ్యాలి. లేపే పని మొత్తం అయ్యాక, చివరగా మూతి. ఇక్కడ లోహం ముడుచుకోదు, సాగుతుంది. అందుకే ముందు ఆ మేర అంచుని నిలువు దెబ్బలతో 1.5 మి.మీ. దాకా చిక్కబరిచి, కాల్చి, అప్పుడు చింత చెక్కలో కోసిన గాడి మీద సన్నటి తల సుత్తితో దించాలి. లోపలి నుంచి బయటికి, రెండు మూడు విడతలు, మధ్యలో కాల్చుకుంటూ. చల్లగా ఒకేసారి లాగితే ముక్కు మొదట్లోనే చీలుతుంది.

ఆఖరి చదును దెబ్బలకి 200, 250 గ్రాముల సుత్తి, మణికట్టుతో. చెవి పెట్టండి: రేకు దాగలికి ఆనిన చోట దెబ్బ ఖంగున మోగుతుంది, ఆనకపోతే బోలుగా డబడబమంటుంది. బోలు చప్పుడు వచ్చినచోట కొట్టకుండా గిన్నె జరపండి, లేకపోతే సొట్ట పడుతుంది.

లోపల నలుపు పూతలేవీ వద్దు. మెరుగు మందు మూతి గాడిలో ఇరుక్కుంటుంది, కుంకుడు రసంలో మరగబెట్టి మెత్తటి బ్రష్‌తో తియ్యండి. అంచుని గుండ్రంగా తీశాక దూది పింజతో చుట్టూ రుద్ది చూడండి. ఎక్కడ పోగు పట్టుకుంటే అక్కడ ఇంకా 800 పేపరు పని ఉంది.