‘జర్మన్లు ఎవరు?’ అన్న ప్రశ్నకు భాషా తరగతిలో ఎంత చోటివ్వాలి?

ప్రశ్న (జర్మన్ బోధకురాలు, తిరుపతి)

సభ్యులకు నమస్కారం. నర్సింగ్ పూర్తిచేసి జర్మనీలో ఉద్యోగానికి సిద్ధమవుతున్న అమ్మాయిలకు నేను తిరుపతిలో బీ1 స్థాయి (యూరప్ భాషా కొలమానంలో మధ్యమ స్థాయి) వరకు జర్మన్ నేర్పుతున్నాను. మా పుస్తకంలో దేశం, సంస్కృతి అనే పాఠం ఒకటి ఉంది. బవేరియా దుస్తులు, రకరకాల రొట్టెలు, గడియారం, చెత్తను వేరుచేసే రంగురంగుల డబ్బాలు చూపించి, మీ దేశం గురించి ఐదు వాక్యాలు రాయండి అంటూ ఆ పాఠం ముగుస్తుంది. పిల్లలు రాసేవి కూడా ఆ బొమ్మలకు తగ్గట్టే ఉంటాయి: భారతదేశం పెద్ద దేశం, మాకు పండుగలు ఎక్కువ, మా ఊళ్లో వేంకటేశ్వరస్వామి గుడి ఉంది.

ఈ విడతలో ఇద్దరు అడిగిన సందేహాలకు ఆ పాఠంలో జవాబు లేదు. బెర్లిన్‌లోనే పుట్టి పెరిగిన టర్కీ కుటుంబపు అమ్మాయిని జర్మన్ అనవచ్చా అని ఒకరు అడిగారు. ఇంట్లో తమిళం మాట్లాడుతూ బడిలో తెలుగు చదువుకున్న తాను ‘మా సంస్కృతి’ అని దేనిని రాయాలని నగరి నుంచి వచ్చే మరొక అమ్మాయి అడిగింది. ఇటువంటి చర్చకు పరీక్షలో మార్కులు ఉండవు, వాళ్లకు వచ్చిన జర్మన్ కూడా ఇంకా కొద్దిపాటిదే. నాజీల కాలాన్ని ఎంతవరకు ప్రస్తావించాలో కూడా తేల్చుకోలేకపోతున్నాను. అనుభవజ్ఞులు చెప్పగలరు.

సమాధానం 1 (విశ్రాంత చరిత్ర ఉపాధ్యాయుడు, చిత్తూరు)

అమ్మా, మొదటి సందేహానికి చట్టం చెప్పే జవాబు ఆ బెర్లిన్ అమ్మాయి ఏ సంవత్సరంలో పుట్టిందన్నదాన్ని బట్టి మారుతుంది. 1913 నాటి పౌరసత్వ చట్టం తల్లిదండ్రులు ఎవరన్నదే చూసింది. పశ్చిమ జర్మనీ 1961లో టర్కీతో ఒప్పందం చేసుకుని కార్మికులను రప్పించుకుంది. 1973లో కొత్తవారిని తీసుకోవడం ఆపేసినా, అప్పటికే వచ్చినవారిలో ఎందరో కుటుంబాలను తెచ్చుకుని అక్కడే స్థిరపడ్డారు. వారికి అక్కడ పుట్టిన పిల్లలు జర్మన్ బడుల్లో చదువుకున్నా, దరఖాస్తు పెట్టుకుని పౌరసత్వం పొందితే తప్ప విదేశీయులుగానే లెక్కలోకి వచ్చేవారు. తల్లిదండ్రులలో ఒకరు నిర్ణీత కాలం చట్టబద్ధంగా నివసించి ఉంటే బిడ్డకు పుట్టుకతోనే పౌరసత్వం ఇచ్చే పద్ధతి 2000 జనవరి 1న మొదలైంది. 2024 జూన్ నుంచి పాత పౌరసత్వాన్ని వదులుకోవలసిన అవసరం కూడా లేదు. అయితే మన దేశం ద్వంద్వ పౌరసత్వాన్ని అంగీకరించదు కనుక ఆ వెసులుబాటు మీ విద్యార్థినులకు అందదు, ఈ సంగతి వారికి ముందే తెలియడం మంచిది.

ఇక నగరి అమ్మాయి విషయం. ఒకే భాష మాట్లాడేవారంతా ఒకే జాతి అన్న వాదం 19వ శతాబ్దపు జర్మనీలో బలంగా వినిపించింది; అయినా జర్మన్ మాట్లాడే ఆస్ట్రియన్లు, స్విస్ వాళ్లు నేడు తమను జర్మన్లని చెప్పుకోరు. మన వైపు 1953లో ఆంధ్ర రాష్ట్రం భాష ప్రాతిపదికపైనే ఏర్పడింది. తర్వాత సరిహద్దు సర్దుబాటులో, 1960లో, తిరుత్తణి చిత్తూరు జిల్లా నుంచి మద్రాసు రాష్ట్రంలోకి వెళ్లింది, నగరి ఇటే ఉండిపోయింది. ఆ అమ్మాయి ఇంట్లో రెండు భాషలు ఎందుకున్నాయో ఈ ఒక్క సంగతే చాలావరకు చెబుతుంది. ఐదు వాక్యాలకు అదే సరిపోతుంది.

సమాధానం 2 (వృద్ధాశ్రమంలో నర్సు, సాక్సనీ, సొంతూరు పీలేరు)

మేడమ్ గారూ, సార్ చెప్పిన చట్టాలు అవసరమే కానీ, ఉద్యోగంలో చేరగానే ఆ అమ్మాయిల ముందుండేది ఎనభై, తొంభై ఏళ్ల పెద్దవాళ్లు. ఇక్కడ ఆశ్రమంలో చేరిన ప్రతి ఒక్కరి జీవిత వివరాలు రాసిపెడతారు: పుట్టిన ఊరు, చేసిన పని, కుటుంబం, అలవాట్లు. పుట్టిన ఊరి గడిలో బ్రెస్లావ్ అని కనిపించవచ్చు. 1945 తర్వాత పోలండ్‌లో చేరి వ్రోత్స్వాఫ్ అయిన నగరం అది. యుద్ధం చివర్లోనూ ఆ తర్వాతా సుమారు 1 కోటి 20 లక్షల మంది జర్మన్లు తూర్పు ప్రాంతాల నుంచి పారిపోయారు లేదా వారిని వెళ్లగొట్టారు. ఆనాటి పసిపిల్లలే ఈనాడు మా సంరక్షణలో ఉన్నవాళ్లు. మతిమరుపు ముదిరి, పొద్దున ఏం తిన్నారో చెప్పలేని మనిషి కూడా చిన్నప్పటి సైరన్ మోత గురించి చెప్పవచ్చు. ఆ నేపథ్యం తెలియని నర్సుకు అది వట్టి కలవరింతగా తోస్తుంది.

పైగా మా సాక్సనీ 1949 నుంచి 1990 వరకు తూర్పు జర్మనీలో భాగం. ఇక్కడివారు చదువు, పెళ్లి, ఉద్యోగం అన్నీ ఇప్పుడు లేని ఒక దేశంలో గడిపారు. ఒకరు ఆనాటి ఉద్యోగ భద్రతను, శిశుగృహాలను తలచుకుంటే, పక్కన కూర్చున్నవారు రహస్య పోలీసుల నిఘా గురించి చెబుతారు. జర్మన్లు ఇలా ఉంటారు అని పుస్తకం నేర్పిన వాక్యంతో ఆ ఇద్దరిలో ఎవరితోనూ మాట కలపలేము.

నాజీల కాలాన్ని దాటవేయవద్దు. ఇక్కడి ఊళ్లలో కొన్ని ఇళ్ల ముందు కాలిబాటలో పది సెంటీమీటర్ల చదరపు ఇత్తడి పలకలు పొదిగి ఉంటాయి. ఆ ఇంట్లో ఒకప్పుడు ఉండి, నాజీల చేతిలో బలైనవారి పేరు, పుట్టిన సంవత్సరం, తరలించిన సంవత్సరం వాటిపై చెక్కి ఉంటాయి. అటువంటి ఒక పలక ఫోటోతో పాఠం మొదలుపెట్టండి, అందులోని జర్మన్ బీ1 కన్నా ఒక మెట్టు కిందనున్న ఏ2 స్థాయి వారికీ అర్థమవుతుంది. స్వస్తిక్ సంగతి కూడా అప్పుడే చెప్పాలి. నాజీ గుర్తును బహిరంగంగా ప్రదర్శించడం ఇక్కడ నేరం. మన గుమ్మానికి పెట్టుకునే గుర్తు వేరైనా, దానిని చూసే పొరుగువారికి ఆ తేడా తెలియకపోవచ్చు.

సమాధానం 3 (భాషా ఉపాధ్యాయుడు, కుప్పం)

మార్కులు ఉండవన్న మాటతో నేను ఏకీభవించను. గోథే ఇన్‌స్టిట్యూట్ నిర్వహించే బీ1 మౌఖిక పరీక్ష రెండో భాగంలో అభ్యర్థి ఒక అంశంపై ప్రసంగిస్తూ తన అనుభవాన్ని, స్వదేశంలో పరిస్థితిని ఉదాహరణలతో చెప్పాలి. ‘ఇండియాలో అందరూ’ అని మొదలయ్యే వాక్యానికి ఉదాహరణ దొరకదు. ‘మా ఇంట్లో’, ‘మా వీధిలో’ అని మొదలుపెట్టిస్తే దానంతట అదే వస్తుంది. ఇంకొక మాట: ఆస్ట్రియా, స్విట్జర్లాండ్, రెండు జర్మనీలకు చెందిన బోధకులు కలిసి, జర్మన్ పాఠం ఒక్క దేశానికి పరిమితం కారాదని 1990లోనే ప్రతిపాదించారు. ఆ సంవత్సరమే ఆ నాలుగు దేశాలలో ఒకటి లేకుండాపోయింది.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. వచ్చే తరగతిలో పలక ఫోటోతో మొదలుపెడతాను. ఆ తర్వాత వృద్ధాశ్రమంలో నింపే వివరాల పత్రం లాంటిదే జర్మన్‌లో తయారుచేసి, ప్రతి అమ్మాయి తన అమ్మమ్మనో నాయనమ్మనో అడిగి నింపుకుని రావాలని చెబుతాను. పీలేరు చెల్లెమ్మా, పత్రంలో ఉండవలసిన గడులు ఏమేమిటో తీరిక ఉన్నప్పుడు ఇక్కడే రాయగలరా?