ప్రాయశ్చిత్తం, శాంతికరం: రెండూ ఒకటేనా?

అందరికీ వందనాలు. బైబిల్లోని మొదటి యోహాను పత్రిక చదువుతూ ఒక చోట ఆగిపోయాను. 2:2లో యేసు మన పాపాలకు "శాంతికరమై" ఉన్నాడని ఉంది. 4:10కి వచ్చేసరికి అదే "ప్రాయశ్చిత్తమై" అని మారింది. గ్రీకులో మాత్రం రెండు చోట్లా ఒకటే మాట, హిలాస్మోస్!

ప్రాయశ్చిత్తం అంటే పాపం తుడిచివేయడం అనుకుంటాను. శాంతికరం అంటే దేవుని ఉగ్రతను చల్లార్చడం. ఒకటి పాపం మీద పని చేస్తుంది, మరొకటి దేవుని వైపు తిరుగుతుంది. ఇవి నాకు చిన్న తేడాలుగా అనిపించడం లేదు.

రోమా 3:25లో క్రీస్తును "కరుణాధారము" అన్న చోట ఉన్న గ్రీకు మాటే (హిలాస్టీరియోన్, హిలాస్మోస్‌కు సంబంధించిన మాట) హెబ్రీ 9:5లో "కరుణాపీఠము", అంటే నిబంధన మందసం మీది మూత, అయింది. లేవీయకాండము 16లో ప్రధాన యాజకుడు రక్తం ప్రోక్షించేది దాని మీదే. అంటే రోమా పత్రిక రాసిన పౌలు క్రీస్తునే ఆ పీఠం అంటున్నాడా, లేక బలి అంటున్నాడా?

అన్నిటికన్నా నన్ను వదలని ప్రశ్న ఇది: 1 యోహాను 4:10 ప్రకారం ముందు ప్రేమించి కుమారుణ్ణి పంపింది దేవుడే కదా. మరి శాంతింపజేయాల్సింది ఎవరిని? గ్రీకు, హీబ్రూ తెలిసినవాళ్లు దయచేసి వాక్యాధారంతో వివరించండి.