తరగతిలో నోట్స్: ట్యాబ్‌లో గీయనివ్వాలా, పుస్తకంలోనే రాయించాలా?

పల్నాడు సైన్స్ మాస్టారు:
జిల్లా పరిషత్ హైస్కూల్లో 8, 9 తరగతులకి సైన్స్ చెబుతాను. 2022 డిసెంబరు 21న ఆంధ్రప్రదేశ్‌లో 8వ తరగతి పిల్లలకీ టీచర్లకీ కలిపి 5 లక్షలకు పైగా ట్యాబులు పంచడం మొదలైంది కదా, అప్పటినుంచీ మా స్టాఫ్‌రూములో ఈ గొడవ తెగట్లేదు. ట్యాబ్ ఉన్నది వీడియో పాఠం చూడటానికే, నోట్స్ మాత్రం పుస్తకంలోనే అని ఎక్కువమంది మాట. నేను ఒప్పుకోను. కణం పాఠంలో పిల్లలచేత ముందు జంతు కణం గీయించాను, తర్వాత ఆ బొమ్మనే కాపీ చేసి దాన్ని వృక్ష కణంగా మార్చమన్నాను. చుట్టూ కణకవచం వెయ్యాలి, రిక్తికని, అంటే కణం లోపలి నీటి సంచిలాంటి దాన్ని, పెద్దది చెయ్యాలి, హరితరేణువులు చేర్చాలి, కేంద్రకాన్ని పక్కకి జరపాలి. ఆ జరపడంలోనే "ఎందుకు సార్ పక్కకి?" అని ఒక పాప అడిగింది. పుస్తకంలో రెండు బొమ్మలూ చూసి దించుతారు తప్ప ఆ ప్రశ్న ఎప్పుడూ రాలేదు నాకు.

కర్నూలు అమ్మ:
మాస్టారూ, మీరు దగ్గరుండి చేయించారు కాబట్టి అలా జరిగింది. మా వాడిది ప్రైవేటు స్కూలు, 9వ తరగతి. వాడి నోట్స్ అంటే బోర్డు ఫొటోలు, అంతే. గ్యాలరీలో రెండు వందలకు పైగా ఉన్నాయి, పెళ్లి ఫొటోల మధ్యన, క్రికెట్ వీడియోల మధ్యన. పరీక్ష ముందు రోజు రాత్రి వెతుక్కుంటాడు, సగం మసకగా ఉంటాయి, ఇక టెన్షన్. పైగా పరీక్ష కాగితం మీదే కదండీ. "చక్కని పటం గీసి భాగాలు గుర్తించండి" అని వస్తే వాడికి చెయ్యి ఆడదు. మూడు పేజీలు రాసేసరికి వేళ్లు నొప్పంటాడు. నాకు ఆ ట్యాబ్ బ్యాగులోంచి తీసేయాలని ఉంది.

బీటెక్ కుర్రాడు, హైదరాబాద్:
మేడమ్, మీ బాధ నిజమే, కానీ ఆ తప్పు ఫొటోది, గీయడానిది కాదు. మూడు వేర్వేరు పనుల్ని మనం ఒకే గంపలో వేస్తున్నాం: ఫొటో తీయడం, టైప్ చేయడం, చేత్తో గీయడం. ల్యాప్‌టాప్‌లో నోట్స్ టైప్ చేసేవాళ్లు విన్నది విన్నట్టు దించేస్తారని, అర్థం చేసుకుని చెప్పాల్సిన ప్రశ్నల్లో వెనకబడ్డారని 2014లో అమెరికాలో ఒక అధ్యయనం వచ్చింది, అందరూ దాన్నే చెబుతుంటారు. 2019లో వేరేవాళ్లు అదే పద్ధతిలో మళ్లీ చేసి చూస్తే ఆ తేడా అంత గట్టిగా నిలబడలేదు. 2024లో నార్వేవాళ్లు 36 మంది విద్యార్థుల మెదడు సంకేతాలు కొలిచి, టైప్ చేసేటప్పటికంటే చేత్తో రాసేటప్పుడే మెదడు భాగాల మధ్య అనుసంధానం ఎక్కువగా ఉందన్నారు. "చూశారా, కాగితమే గొప్ప" అని అది ఫార్వర్డ్ చేసేవాళ్లు ఒకటి గమనించరు: వాళ్లు రాసింది కాగితం మీద కాదు, టచ్‌స్క్రీన్ మీద, డిజిటల్ పెన్నుతో. అంటే పని చేయాల్సింది చెయ్యి.

తెలుగు టీచరమ్మ, హనుమకొండ:
బాబూ, పెన్నుండే ట్యాబ్ ఎంతమంది పిల్లల దగ్గర ఉంటుంది? చిన్న స్క్రీన్ మీద వేలితో గీస్తే గీత ఎక్కడ పడుతుందో పిల్లకే కనపడదు. భాగాల పేర్లు రాయడం మరీ కష్టం. అందుకని బొమ్మ గీసి పేర్లు టైప్ చేస్తారు, అదీ ఇంగ్లీషు అక్షరాలు కొడితే తెలుగు వచ్చే కీబోర్డుతో. ఒత్తు ఎక్కడ పెట్టాలో ఫోనే చెప్పేస్తుంటే పిల్లలకి చెయ్యి తిరగదు. 'స్త్రీ' అని కాగితం మీద రాయమంటే ఆగిపోయిన 9వ తరగతి పిల్లల్ని నేను చూశాను. నా భయమంతా అక్కడే.

పల్నాడు సైన్స్ మాస్టారు:
టీచర్ గారు చెప్పిన వేలి సమస్య నాకూ ఎదురైంది, ఒప్పుకుంటాను. మా పిల్లలు బొమ్మ ట్యాబ్‌లో గీసి, పేర్లు మాత్రం పుస్తకంలో రాస్తారు, బాణాలకి అంకెలు వేసుకుని. ఫొటోల విషయంలో కర్నూలు మేడమ్‌తో నాకు పేచీ లేదు, నా క్లాసులో బోర్డు ఫొటో తీయనివ్వను. కానీ ట్యాబ్ తీసేస్తే బొమ్మలు వస్తాయన్నది మాత్రం నమ్మను, ట్యాబులు రాకముందు కూడా మన పిల్లలు గైడు చూసి దించినవాళ్లే. పదాన్ని రాసుకున్నదానికంటే దాని బొమ్మ వేసుకుంటే ఎక్కువ గుర్తుంటుందని, బొమ్మ బాగా రాకపోయినా ఫర్వాలేదని 2016లో కెనడాలో వాటర్లూ విశ్వవిద్యాలయం వాళ్లు చూపించారు. మన దగ్గరేమో బొమ్మ వంకరగా ఉంటే ఎర్ర పెన్నుతో కొట్టేస్తాం. ట్యాబ్‌లో తప్పు గీసినా చెరిపేసుకోవచ్చు కాబట్టి ఎప్పుడూ పెన్సిల్ ముట్టని ఇద్దరు అబ్బాయిలు గీయడం మొదలెట్టారు. వాళ్లకోసమే వాదిస్తున్నాను నేను.

కర్నూలు అమ్మ:
సరే మాస్టారూ, ఆ ఇద్దరూ తర్వాత కాగితం మీద గీశారా?

పల్నాడు సైన్స్ మాస్టారు:
ఒకడు గీశాడమ్మా. రెండోవాడు ఇంకా లేదు.