ముగ్గులో గణితం నిజంగా ఉందా, లేక మనమే అంటగడుతున్నామా?

ప్రశ్న (ఉన్నత పాఠశాల గణిత ఉపాధ్యాయిని, ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం)

డిసెంబరు 22న జాతీయ గణిత దినోత్సవానికి మా తొమ్మిదో తరగతి పిల్లలు ‘ఆకారాలు, సంకేతాలు’ అనే అంశం మీద ప్రదర్శన పెడుతున్నారు. ధనుర్మాసం కావడంతో సగం మంది పిల్లలు ముగ్గులే తెచ్చారు. మిగిలినవారు శ్రీచక్రం, స్వస్తికం, రహదారి గుర్తులు, సమాన చిహ్నం వంటివి తెచ్చారు. ముగ్గు కింద ‘సౌష్ఠవం’ అని, శ్రీచక్రం కింద ‘త్రిభుజాలు’ అని చీటీలు అంటించి ఊరుకుంటే దానిని గణితం అనడానికి నాకు మనసు ఒప్పడం లేదు. మా సహోపాధ్యాయుడు ఒకరు ‘ముగ్గు కళ, దానికి గణితం అక్కరలేదు’ అని అన్నారు. ఆ మాటకు సరైన జవాబు నా దగ్గర లేదు.

నేను అడగదలచినది ఇది. గీయకముందే లెక్క వేసి, గీసిన తరువాత సరిచూసుకోగలిగినది ముగ్గులో ఏదైనా ఉందా? అటువంటిది ఉంటే సాహిత్యంలోనూ, మన ఊళ్లో రోజూ కనబడే వస్తువుల్లోనూ అదే తీరులో చూపగలిగినవి ఏమున్నాయి? పిల్లలు తామే చేసి చూసుకోగలిగినవైతే ఎంతో మేలు.

సమాధానం 1 (విశ్రాంత గణిత అధ్యాపకుడు, గాజువాక)

ఉందమ్మా, చాలా గట్టిగా ఉంది. మెలికల ముగ్గుతో మొదలుపెట్టండి. చుక్కలను దీర్ఘచతురస్రంగా, అడ్డంగా ఆరు, నిలువుగా నాలుగు చొప్పున పెట్టించండి. గీత ఏ చుక్కనూ తాకకూడదు. చుక్కల మధ్యనుంచి ఏటవాలుగా సాగి, అంచుకు చేరినప్పుడు మాత్రమే తిరగాలి, మరో గీత ఎదురైతే దానిని దాటి నేరుగా పోవాలి. ఈ నియమాలతో గీస్తే ఎక్కడ మొదలుపెట్టినా మొదటి మెలిక ముగిసేసరికి కొన్ని చుక్కల చుట్టూ గీత పూర్తికాకుండా ఉంటుంది, రెండో మెలిక వేయక తప్పదు. మూడుకు అయిదు పెడితే మాత్రం చేయి ఎత్తకుండా ఒకే మెలికలో మొత్తం ముగ్గు పూర్తవుతుంది. మూడుకు మూడు పెడితే మూడు విడి మెలికలు వస్తాయి. సూత్రం ఇది: అడ్డం, నిలువు చుక్కల సంఖ్యల గరిష్ఠ సామాన్య కారకం ఎంతో, మెలికలు అన్ని. పిల్లలు ఆరో తరగతిలో నేర్చుకున్న గ.సా.కా. ఇదే.

కారణం కూడా వారికి చెప్పవచ్చు. ఆరుకు నాలుగు ముగ్గులో గీత కింది అంచును తాకి తిరిగే చోట్లు ఆరు ఉంటాయి. ఒక మెలిక ఏటవాలుగా పోతూ, బయలుదేరిన చోటికి అదే దిశలో తిరిగి వచ్చేలోగా కింది అంచును మూడుసార్లు, పక్క అంచును రెండుసార్లు తాకుతుంది. అంచున ఉన్న చోట్లు ఆరు, ఒక్కో మెలిక వాడుకునేవి మూడు. కాబట్టి మెలికలు రెండు. ఎవరైనా వేలితో ఒక మెలిక వెంట పోయి లెక్కపెట్టి చూసుకోవచ్చు. అంగోలాలో చోక్వే ప్రజలు ఇసుకలో చుక్కలు పెట్టి గీసే ‘సోనా’ చిత్రాలకు కూడా ఇదే సూత్రం వర్తిస్తుంది. పౌలస్ గెర్డెస్ అనే గణితవేత్త వాటి మీద విస్తృతంగా పరిశోధన చేశారు.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. 1736లో గణితవేత్త ఆయిలర్ చెప్పిన సిద్ధాంతం ప్రకారం, ప్రతి కూడలిలోనూ సరిసంఖ్యలో గీతలు కలిసే ఏ అఖండ చిత్రాన్నైనా చేయి ఎత్తకుండా గీయవచ్చు. మెలికల ముగ్గులో ప్రతి కూడలిలో నాలుగు కొసలు కలుస్తాయి కనుక మూడుకు మూడు ముగ్గును కూడా అలా గీయవచ్చునని ఎవరైనా వాదించగలరు. ఆ వాదన నిజమే. అయితే అందుకు కూడలి దగ్గర పక్కకు తిరగాలి. ముగ్గు వేసే చేయి కూడలి దగ్గర తిరగదు, నేరుగా దాటుతుంది. సంప్రదాయం పెట్టిన ఆ ఒక్క నియమం వల్లనే లెక్క మారిపోతోంది. మీ సహోపాధ్యాయుడికి నేనైతే ఈ మాటే చెబుతాను.

చుక్కల ముగ్గులో మరొకటి ఉంది. ‘7 చుక్కలు, 4 వరకు, సందు చుక్క’ అని మన ఆడవాళ్లు చెప్పుకునే అమరికలో మొత్తం చుక్కలు 4+5+6+7+6+5+4, అంటే 37. ఇది 4 ఘనంలోంచి 3 ఘనాన్ని తీసివేస్తే వచ్చే సంఖ్య. ‘9 చుక్కలు, 5 వరకు’ అయితే 61 వస్తాయి, అది 125 లోంచి 64 తీసివేయగా మిగిలినది. ఎందుకిలా వస్తుందో చిన్న చిన్న ఘనాలను పేర్చి, పెద్ద ఘనాన్ని మూల వైపు నుంచి చూపిస్తే పిల్లలకు తేలికగా అర్థమవుతుంది.

సమాధానం 2 (తెలుగు అధ్యాపకురాలు, సీతమ్మధార)

సాహిత్యం వంతు నేను చెబుతాను. బంధకవిత్వం పేరుతో పద్మబంధం, నాగబంధం, ఖడ్గబంధం వంటివి మన కవులు చాలా రాశారు. వాటిలో చాలావరకు బొమ్మలో గీతలు కలిసే చోట ఒకే అక్షరం పడేలా కూర్చినవి. మీ ప్రదర్శనకు వాటికన్నా ‘సర్వతోభద్రం’ తగినదని నా అభిప్రాయం. ఏడో శతాబ్దపు మాఘుడి శిశుపాలవధంలో, యుద్ధాన్ని వర్ణించే పందొమ్మిదో సర్గలో ఈ శ్లోకం ఉంది:

స కా ర నా నా ర కా స
కా య సా ద ద సా య కా
ర సా హ వా వా హ సా ర
నా ద వా ద ద వా ద నా

ప్రతి పాదాన్నీ ఎడమ నుంచి చదివినా కుడి నుంచి చదివినా అవే అక్షరాలు వస్తాయి. అది ఒక్కటే అయితే పెద్ద విశేషం కాదు. మొదటి నిలువు వరుసను పైనుంచి కిందికి చదవండి: స, కా, ర, నా. అది మొదటి పాదంలో సగమే. రెండో నిలువు వరుస రెండో పాదంలో సగం, మిగిలినవీ అంతే. ఈ నాలుగు పాదాల కింద అవే పాదాలను తలకిందుల వరుసలో, అంటే నాలుగు, మూడు, రెండు, ఒకటిగా రాస్తే ఎనిమిదికి ఎనిమిది, 64 గళ్ల చతురస్రం వస్తుంది. దానిని నాలుగు వైపులలో ఎటునుంచి చదివినా శ్లోకం వస్తుంది.

ఇక పిల్లలచేత లెక్క వేయించవలసినది ఇది. 64 గళ్లలో కవి స్వేచ్ఛగా ఎంచుకోగలిగిన అక్షరాలు ఎన్ని? పైన ఎడమ మూలలోని నాలుగుకు నాలుగు భాగం నిండితే మిగిలిన మూడు భాగాలు అద్దంలోలాగా వాటంతట అవే నిండుతాయి. ఆ భాగంలోనూ కర్ణానికి ఒక పక్క ఉన్నవి రెండో పక్కవాటిని నిర్ణయిస్తాయి. చివరికి మిగిలేవి పది గళ్లు. ఆ పది గళ్లలోనే కవి ఛందస్సునూ అర్థాన్నీ నిలబెట్టాలి. చతురస్రానికి ఉన్న ఎనిమిది సౌష్ఠవాలూ ఈ శ్లోకానికి ఉన్నాయి. నలుపలకల ముగ్గుల్లో చాలావాటికి ఉన్నవీ ఇవే.

సంస్కృత ఆలంకారికుడు మమ్మటుడు ఇటువంటి అక్షరాల అమరికలున్న చిత్రకావ్యాన్ని కావ్యాలలో చివరి తరగతిలో నిలిపాడు. రసం దృష్ట్యా ఆ తీర్పు న్యాయమే. కానీ గణిత ప్రదర్శనలో దీని స్థానం వేరు. భాషను ఒక ఆకారానికి ఎంతవరకు లొంగదీయవచ్చో ఇంత స్పష్టంగా చూపే ఉదాహరణ నాకు మరొకటి తెలియదు.

సమాధానం 3 (వాణిజ్య నౌకల్లో పనిచేసి విరమించినవాడిని, మల్కాపురం)

మేడమ్, రోజూ కనబడేవాటి కోసం దూరం వెళ్లనవసరం లేదు. ఆర్.కె. బీచ్‌లో నిలబడి సముద్రం వైపు చూడమనండి. ఓడరేవులోకి వెళ్లడానికి లంగరు వేసుకుని వేచి ఉన్న ఓడలు కనబడతాయి. బైనాక్యులర్ ఉంటే వాటి ముందు భాగాన వేలాడుతున్న నల్లని బంతి కూడా కనబడుతుంది. పగటివేళ ‘లంగరులో ఉన్నాను’ అని చెప్పే గుర్తు అది. ఓడలు ఒకదానినొకటి ఢీకొనకుండా 1972లో చేసిన అంతర్జాతీయ నిబంధనల ప్రకారం దాని వ్యాసం 0.6 మీటరుకు తగ్గకూడదు.

అది బంతే ఎందుకు కావాలి? బిళ్ల కట్టితే పక్కనుంచి చూసేవాడికి సన్నని గీతలా కనబడుతుంది. గోళం ఏ దిక్కునుంచి చూసినా వృత్తమే. శంఖువును నిలువుగా కడితే చుట్టూ ఎటునుంచి చూసినా త్రిభుజమే. స్థూపం అలాగే దీర్ఘచతురస్రం. సముద్రంలో ఎవరు ఏ వైపునుంచి వస్తారో తెలియదు కనుక నిలువు అక్షం చుట్టూ తిప్పినా మారని ఆకారాలనే ఎంచుకున్నారు. రేవు దారిని చూపడానికి నీటిపై తేలే గుర్తులు, అంటే బోయాలూ అంతే. మన దేశం అనుసరించే పద్ధతిలో రేవులోకి వచ్చేటప్పుడు ఎడమ పక్క ఎరుపు, కుడి పక్క ఆకుపచ్చ ఉంటాయి. ఎండ ఎదురుగా ఉన్నప్పుడు రంగు తెలియదు కాబట్టి ఎరుపుదానికి స్థూపం, ఆకుపచ్చదానికి శంఖువు ఆకారం ఇస్తారు.

అన్నిటికన్నా ఆసక్తికరమైనది రెండు శంఖువుల మొనలు కలిసిన ఆకారం. చేపల వేటలో ఉన్న ఓడ దానిని పైకి ఎత్తితే ‘వల వేసి ఉన్నాను, నాకు దారి వదలండి’ అని అర్థం. అదే ఆకారం ప్రమాద స్థలాన్ని తెలిపే బోయా నెత్తిన ఉంటే ‘నాకు పడమర పక్కనుంచి వెళ్లు’ అని అర్థం. శివుడి చేతిలో ఉంటే అది ఢమరుకం. ఆకారం ఎక్కడా మారలేదు. దూరంనుంచి, అన్ని వైపులనుంచి పోల్చుకోగలగడం దాని సొంత గుణం. అర్థం మాత్రం మనుషులు కూర్చుని ఒప్పుకున్నది. మీ ప్రదర్శనలో ఈ రెండింటినీ విడదీసి చూపితే బాగుంటుంది.

చేత్తో పట్టుకుని చూడడానికి ఏటికొప్పాక లక్కబొమ్మలు తెప్పించండి. తిరిగే అంకుడు కర్రకు ఉలి ఆనించి చేసేవి కనుక ఆ బొంగరాలకు, భరిణెలకు సహజంగానే ఈ గుణం ఉంటుంది.

ప్రశ్న అడిగిన ఉపాధ్యాయిని

మీ ముగ్గురికీ ఎంతో కృతజ్ఞురాలిని. ఇప్పుడు ప్రతి వస్తువు కిందా రెండు వాక్యాలు రాయిస్తాను: ఆకారానికి స్వతహాగా ఉన్న గుణం ఏమిటి, మనుషులు ఒప్పుకున్న అర్థం ఏమిటి. రథం ముగ్గులో మొదటి వాక్యం చిన్నదే కావచ్చు. కానీ దాని తాడును పక్కింటి ముగ్గు దాకా గీసి కలపడంలో ఉన్న రెండో వాక్యం చాలా పెద్దది, కాబట్టి దానిని తీసివేయను. 1557లో రాబర్ట్ రికార్డ్ సమాన చిహ్నానికి రెండు సమాంతర రేఖలను ఎంచుకున్నప్పుడు, వాటికన్నా సమానమైనవి మరే రెండూ ఉండవని కారణం చెప్పాడు. అక్కడ రెండు వాక్యాలూ దాదాపు ఒకటవుతున్నాయి.

ఒక సందేహం మిగిలింది మాస్టారూ. మా అమ్మగారు నాలుగుకు నాలుగు చుక్కలతో కూడా ఒకే మెలికగా వేస్తారు. సూత్రం ప్రకారం నాలుగు మెలికలు రావాలి కదా?

సమాధానం 1 ఇచ్చిన అధ్యాపకుడు

అమ్మగారు లోపల ఎక్కడో గీతను దాటించకుండా మలుపు తిప్పుతూ ఉంటారు, గమనించండి. రెండు వేర్వేరు మెలికలు కలిసే కూడలి దగ్గర దాటడానికి బదులు ఇరువైపులా మలుపు ఇస్తే ఆ రెండూ కలిసి ఒకటవుతాయి. ఒక మలుపు మెలికల సంఖ్యను ఒకటికి మించి తగ్గించలేదు. కాబట్టి నాలుగుకు నాలుగు ముగ్గుకు కనీసం మూడు మలుపులు కావాలి, ఆరుకు నాలుగు ముగ్గుకు ఒక్కటి చాలు. ఆమె ముగ్గులో మలుపులు ఎక్కడ పడ్డాయో పిల్లలచేత గుర్తింపజేయండి. మూడుకన్నా ఎక్కువ ఉంటే వాటిలో కొన్ని అందం కోసం వేసినవి.