టైటిల్ వన్ డబ్బు పిల్లవాడి వెంట వెళ్లాలా, బడికే చేరాలా?

కృష్ణాతీరం:
అమెరికాలో పేదపిల్లలు ఎక్కువగా ఉన్న బడులకు ఫెడరల్ ప్రభుత్వం ఇచ్చే టైటిల్ వన్ సొమ్ము ఏటా 18 బిలియన్ డాలర్ల పైమాటే. 1965లో లిండన్ జాన్సన్ ఈ చట్టం తెచ్చింది పేదపిల్లల కోసం. మరి నూటికి ఎనిమిది మందే పేదలున్న బడిలో ఆ ఎనిమిది మందికీ పైసా రాదెందుకు? ఒక్కో పిల్లవాడికి ఇంత అని లెక్కగట్టి, వాడు ఏ బడిలో ఉంటే ఆ బడికి ఇవ్వాలి. 2015 జులైలో హౌస్ (అమెరికా కాంగ్రెస్ దిగువ సభ) ఆమోదించిన బిల్లులో రాష్ట్రాలకు ఈ వీలు ఉంది. డిసెంబరులో ఒబామా సంతకం చేసిన ఎస్సా అనే బడి చదువుల చట్టంలో లేదు.

బడిలెక్కలు:
డబ్బు రెండు మెట్లు దిగి వస్తుందండీ. మొదటి మెట్టు వాషింగ్టన్ నుంచి స్కూల్ డిస్ట్రిక్ట్‌కి, అంటే ఒక ప్రాంతంలోని ప్రభుత్వ బడులను నడిపే సంస్థకి. అక్కడ ప్రధాన ఆధారం సెన్సస్ బ్యూరో వేసే పేదరికం అంచనాలు, నాలుగు ఫార్ములాలు. వాటిలో ఒకటైన బేసిక్ గ్రాంటుకు డిస్ట్రిక్ట్‌లో లెక్కకొచ్చే పిల్లలు కనీసం 10 మంది ఉండి, 5 నుంచి 17 ఏళ్ల పిల్లల్లో 2 శాతం దాటితే చాలు. అందుకే కలిగిన డిస్ట్రిక్టులకూ ఎంతో కొంత వస్తుంది.

రెండో మెట్టు డిస్ట్రిక్ట్ నుంచి బడికి. బడులను పేదరిక శాతం ప్రకారం వరసలో పెట్టాలి. 75 శాతం దాటినవాటికి ముందు ఇవ్వాలి, తర్వాత మిగిలినవాటికి. 35 శాతం కంటే తక్కువున్న బడిని ఒక్కదాన్ని చేర్చుకున్నా, డిస్ట్రిక్ట్‌కి తలకు వచ్చినదానికి 125 శాతం చొప్పున ప్రతి బడికీ ఇవ్వాలి. పలుచగా పంచకుండా ఈ కట్టడి కావాలనే పెట్టారు.

ఊహకు ఒక లెక్క చూడండి. తలకు 600 డాలర్లు. 500 మందిలో 400 మంది పేదలున్న బడికి 2,40,000 వస్తుంది. జీతం, బెనిఫిట్లు కలిపి 80,000 చొప్పున ముగ్గురు రీడింగ్ టీచర్లు. 600 మందిలో 48 మంది పేదలున్న బడికి 28,800. దాంతో సగం టీచరు కూడా రారు. టాబ్లెట్లు కొని బీరువాలో పెడతారు. చెంబుడు నీళ్లు ఊరంతా చల్లితే ఏ మొక్కా బతకదు.

కృష్ణాతీరం:
ఆ 48 మందిని సెన్సస్ లెక్కలో చూపించే డిస్ట్రిక్ట్ డబ్బు తెచ్చుకుంటోంది కదా? మొదటి మెట్టులో వాళ్లు కావాలి, రెండో మెట్టులో అక్కర్లేదు. నా ప్రశ్న అదే, మీరు దానికి తప్ప అన్నిటికీ జవాబు చెప్పారు.

పైగా మీ పేదరిక శాతమే అబద్ధం. సీఈపీ అనే భోజన పథకంలో చేరిన బడుల్లో అందరికీ ఉచిత భోజనం, దానికి ఆదాయం ఫారాలే ఉండవు. స్నాప్ (పేదలకు ఆహార సాయం) లాంటి పథకాల జాబితాల్లో నేరుగా దొరికిన పిల్లల సంఖ్యను 1.6తో గుణిస్తారు. 40 శాతం దొరికితే కాగితం మీద 64. సీఈపీలో చేరే అర్హతను 2023లో 40 నుంచి 25 శాతానికి దించారు కూడా. గుణించి పుట్టించిన పేదలకు డబ్బు వెళ్తోంది.

పల్నాడు_పిల్లాడు:
ఈ 1.6 ఎక్కడిది?

బడిలెక్కలు:
స్నాప్‌లో లేకపోయినా, ఫారం నింపితే ఉచిత భోజనానికో తగ్గింపు ధరకో అర్హత వచ్చే కుటుంబాలు చాలా ఉంటాయి. వాళ్లను లెక్కలోకి తేవడానికే ఆ గుణకం. కృష్ణాతీరం గారూ, దాంతో డిస్ట్రిక్ట్‌కి వాషింగ్టన్ నుంచి ఒక్క డాలరు కూడా పెరగదు. అది సెన్సస్ అంచనాలను బట్టి ముందే తేలిపోతుంది. 1.6 మార్చేది డిస్ట్రిక్ట్ లోపల బడుల వరసను, వాటి వాటాలను మాత్రమే.

కృష్ణాతీరం:
వరసే కదా అసలు గొడవ! వరసలో కిందికి జారితే టీచర్ పోతారు. మా ప్రాంతంలో ఒక బడి శాతం కాస్త తగ్గిందని ఉన్న ఒక్క రీడింగ్ టీచర్నీ తీసేశారు. పిల్లలు వాళ్లే, ఇళ్లు అవే.

ఎడిసన్_అమ్మ:
మధ్యలో వస్తున్నాను, మనవాళ్లలో చాలామందికి తెలియని మాట. హెచ్-4 (హెచ్-1బీ ఉద్యోగుల కుటుంబ వీసా) మీద వచ్చిన మన పిల్లలు ఎక్కువమంది టైటిల్ వన్ లెక్కలోకి రారు, ఇంగ్లిష్ నేర్చుకునే పిల్లలకు, వలస పిల్లలకు ఇచ్చే టైటిల్ త్రీలోకి రావచ్చు. 3 నుంచి 21 ఏళ్ల వయసువారు, అమెరికాలో పుట్టనివారు, ఇక్కడి బడుల్లో మూడు పూర్తి విద్యా సంవత్సరాలకు మించి చదవనివారు ఆ చట్టంలో ‘వలస విద్యార్థులు’. అలాంటి పిల్లలు బాగా పెరిగిన డిస్ట్రిక్టులకు రాష్ట్రం తన వాటాలోంచి 15 శాతం వరకు తీసి ఇస్తుంది. చేర్పించేటప్పుడు పుట్టిన దేశం, బడిలో చేరిన తేదీ వదలకుండా రాయండి. 2025 జులై 1న ప్రభుత్వం ఆపి, ఆ నెలలోనే వదిలిన నిధుల్లో టైటిల్ త్రీ కూడా ఉంది.

బడిలెక్కలు:
మంచి మాట చెప్పారమ్మా. కృష్ణాతీరం గారూ, ఇంకో సంగతి. ఎంపిక చేసిన పిల్లలకే సాయం చేసే బడుల్లో టైటిల్ వన్ సాయం ప్రధానంగా చదువులో వెనకబడినవారికి, పేదవారా కాదా అని అక్కడ చూడరు. పేదరికం బడికి డబ్బు తెస్తుంది, వెనకబాటు పిల్లవాడిని ఆ టీచర్ దగ్గరికి చేరుస్తుంది. మీ పద్ధతిలో బాగా చదివే పేదపిల్లవాడి వెంట డబ్బు వెళ్తుంది. పక్కన అక్షరాలు కూడబలుక్కునేవాడికి ఏమీ ఉండదు.

కృష్ణాతీరం:
మీరు ఆఫీసు మనిషిలా మాట్లాడుతున్నారు. ఎవరి చేతిలో డబ్బు ఉండాలన్నదే మీ బాధ.

బడిలెక్కలు:
మీ బాధ ఆ 48 మంది గురించా, కట్టిన పన్ను గురించా? ముందు అది తేల్చుకోండి.

పల్నాడు_పిల్లాడు:
ఇద్దరూ నెమ్మదించండి.

కృష్ణాతీరం:
సరే, తేల్చే చెప్తాను. డిస్ట్రిక్ట్ ఆఫీసు న్యాయంగా పంచుతుందన్న నమ్మకం నాకు లేదు. టైటిల్ వన్ బడిలోనూ మిగతా బడుల్లోనూ రాష్ట్ర-స్థానిక డబ్బుతో అందే సేవలు దాదాపు సమానంగా ఉండాలని చట్టంలో కంపారబిలిటీ నిబంధన ఉంది. కానీ ఆ లెక్కలో టీచర్ల సర్వీసును బట్టి వచ్చే జీతం తేడా చూడరు. ఇరవై ఏళ్ల అనుభవమున్నవారు కలిగినవాళ్ల బడిలో, నిన్న చేరినవారు పేదబడిలో ఉన్నా తలల లెక్క సరిపోతే చాలు. స్థానిక డబ్బు అలా అటు జారిపోయాక ఫెడరల్ డబ్బు ఆ గుంత పూడ్చడానికే సరిపోతుంది. అందుకే సొమ్ము తల్లిదండ్రుల చేతికి రావాలి. నచ్చకపోతే పిల్లవాడిని తీసుకుని వెళ్లిపోగలగాలి.

బడిలెక్కలు:
ఈ మాట మొదటే అని ఉంటే ఇంత దూరం వచ్చేది కాదు. జీతాల సందు నిజమే, దాన్ని నేను సమర్థించను. అది పూడ్చాలంటే కంపారబిలిటీలో అసలు జీతాలు లెక్కించేలా చట్టం మార్చాలి. మన ఇద్దరికీ తేడా ఇక్కడే వస్తుంది. మీరు వెళ్లిపోగల పిల్లవాడిని చూస్తున్నారు. 400 మందిలో 60 మంది డబ్బుతో సహా వెళ్లిపోతే, నా లెక్క ప్రకారం 36,000 తగ్గుతుంది. ముగ్గురు టీచర్లలో ఒకరికి దాదాపు సగం జీతం పోయినట్టే. బస్సు లేని, కారు లేని మిగతా 340 మంది అక్కడే ఉంటారు. నేను వాళ్లను చూస్తున్నాను.

ఎడిసన్_అమ్మ:
బడివారీగా ఖర్చు ఎక్కడ చూడాలి?

బడిలెక్కలు:
రాష్ట్రం ఏటా పెట్టే రిపోర్ట్ కార్డులో. ప్రతి బడికీ తలకు ఎంత ఖర్చయిందో, ఫెడరల్ వాటా వేరుగా, రాష్ట్ర-స్థానిక వాటా వేరుగా చూపాలని ఎస్సా చెప్తుంది. అసలు జీతాలతోనే. రెండు బడుల రాష్ట్ర-స్థానిక అంకెలు పక్కపక్కన పెట్టండి. తేడా కనిపిస్తే స్కూల్ బోర్డు బడ్జెట్ సమావేశంలో అడగండి. టైటిల్ వన్ బడి అయితే తల్లిదండ్రుల కోసం ఏటా ఒక సమావేశం పెట్టి తీరాలి, అక్కడా అడగొచ్చు.

కృష్ణాతీరం:
అంకె చూసిన తల్లి అడుగుతుంది, బోర్డు వింటుంది, టీచర్లు ఉన్నచోటే ఉంటారు. అడిగే హక్కు చాలదు, కదిలే హక్కు కూడా కావాలంటున్నాను.

బడిలెక్కలు:
కదలలేని పిల్లల మాట చెప్పకుండా ఆ హక్కు గురించి మాట్లాడితే ఒప్పుకోను. వాళ్లకు ఏం చేస్తారో రాయండి, చదువుతాను.