మొదటిసారి మెషీన్ పాలిష్: ఏ ప్యాడ్, ఏ పాలిష్‌తో మొదలుపెట్టాలి?

కొత్తచేయి:
నల్ల కారు, ఎనిమిదేళ్లది. ఎండలో నిలబెడితే బానెట్ అంతా సాలెగూడు పట్టినట్టు గుండ్రటి గీతలు. 15 మిల్లీమీటర్ల త్రో (ఊపు వెడల్పు) ఉన్న డ్యూయల్ యాక్షన్ మెషీన్ కొన్నాను, అంటే ప్యాడ్ తిరుగుతూనే అటూ ఇటూ ఊగేది, ఐదంగుళాల ప్లేటు. ప్యాడ్ల దగ్గరికొచ్చేసరికి ఆగిపోయాను. ఫోమ్, మైక్రోఫైబర్, ఉన్ని అంటున్నారు. ఫోమ్‌లో మళ్లీ నాలుగైదు రంగులు. డబ్బాల మీదేమో కాంపౌండ్, పాలిష్, ఫినిషింగ్ పాలిష్, ఆల్ ఇన్ వన్. ఒక ప్యాడ్, ఒక పాలిష్ పేరు చెప్పండి చాలు. పెయింట్ లేచిపోతుందేమోనని టెన్షన్‌గా ఉంది.

ఆదివారంపని:
మీడియం ఫోమ్ పాలిషింగ్ ప్యాడ్, దానిమీద ఫైన్ పాలిష్. మొదట ఈ రెండే కొనండి. బానెట్ మీద అడుగున్నర చదరం టేపుతో గుర్తు పెట్టుకుని అక్కడ మాత్రమే ప్రయత్నించండి. ప్యాడ్ మీద బఠాణీ గింజంత బొట్లు నాలుగు, తక్కువ స్పీడులో పరచడం, తర్వాత స్పీడు నాలుగు లేదా ఐదు మీద పెట్టి మెషీన్‌ని మెల్లగా నడపడం. అడ్డంగా ఒకసారి, నిలువుగా ఒకసారి, అలా నాలుగు సార్లు. ప్రతి వరస ముందు వరసని సగం కప్పాలి. గీతలు పోతే అదే మీ కాంబినేషన్. పోకపోతే అప్పుడు ఒక మెట్టు గట్టిది. క్లియర్ కోట్, అంటే రంగు మీద ఉండే పారదర్శక పొర, చాలా కార్లకి 35 నుంచి 50 మైక్రాన్లే ఉంటుంది, వెంట్రుక మందం కూడా కాదు. తీసింది మళ్లీ రాదు.

పెయింట్‌షెడ్డు:
ఎనిమిదేళ్ల నల్ల కారుకి ఫైన్ పాలిష్ అంటే పొద్దున మొదలుపెట్టి రాత్రికి ఒక తలుపు. తమ్ముడూ, మైక్రోఫైబర్ కటింగ్ ప్యాడ్ తీసుకో, దాని మీద కాంపౌండ్, పాలిష్ కంటే గట్టిగా కోసేది, అంటే పెయింట్‌ని అరగదీసేది. గీతలన్నీ లేచిపోతాయి. తర్వాత మెత్తటి ఫోమ్, ఫినిషింగ్ పాలిష్. రెండు స్టెప్పులు, పని ఖతం. రోజూ చేసే పని ఇది.

నురగరాయి:
పసుపు ప్యాడ్ కొను బ్రదర్. నాకు సూపర్‌గా పనిచేసింది.

ఆదివారంపని:
ఏ కంపెనీ పసుపు? రూపెస్‌లో పసుపు అంటే ఫైన్. లేక్ కంట్రీ పాత వరసల్లో పసుపు అంటే గట్టి కటింగ్ ప్యాడ్. మెగ్వయర్స్‌లో పసుపు మధ్యరకం పాలిషింగ్. రంగు చూసి కొంటే ఒకే మాటకి మూడు ప్యాడ్లు వస్తాయి.

నురగరాయి:
పసుపు అంటే పసుపే కదా. నాది పసుపే, బాగా కోసింది.

ఆదివారంపని:
బాగా కోసిందంటున్నారు, అదే నా భయం.

తిరిగొచ్చినగీత:
ముందు క్లే బార్ (పెయింట్‌కి పట్టిన మురికిని లాగే మెత్తటి ముద్ద) చేశారా? ఎవరూ అడగలేదు. పెయింట్‌కి పట్టిన ఇనుప రజను, తారు తీయకుండా మెషీన్ పెడితే ఆ రజనే ప్యాడ్ కింద తిరిగి కొత్త గీతలు పెడుతుంది.

కొత్తచేయి:
క్లే చేశాను. ప్యాడ్ మాత్రం ఇంకా కొనలేదు. పసుపు కొనాలా వద్దా?

పెయింట్‌షెడ్డు:
రంగు గొడవ వదిలేయండి. అసలు విషయానికి రండి. మెత్తటి ప్యాడ్‌తో పది సార్లు తిప్పినా, గట్టి ప్యాడ్‌తో మూడు సార్లు తిప్పినా గీత అడుగు దాకా దిగితేనే గీత పోతుంది. గీత లోతు ఎంతో, తీయాల్సిన క్లియర్ కోట్ అంత. మెత్తగా తీస్తే తక్కువ పోతుందని ఎవరు చెప్పారు? పైగా పది సార్లు తిప్పితే వేడి ఎక్కువ.

ఆదివారంపని:
మొత్తం గీత తీయాలనుకుంటే మీరన్నది నిజమే. కానీ కొత్తవాడికి ఎంత సరిపోతుందో ముందు తెలియాలిగా. మెత్తటిది చాలదని తెలిస్తే గట్టిదానికి వెళ్లొచ్చు. గట్టిది ఎక్కువైందని తెలిసేసరికి పోయేది పోయింది. ఇంకొకటి, నల్ల పెయింట్ మెత్తగా ఉంటే మైక్రోఫైబర్ ప్యాడ్ పొగమంచు పట్టినట్టు మసక వదులుతుంది.

పెయింట్‌షెడ్డు:
మసక తీయడానికే కదా రెండో స్టెప్పు. అయినా మసక అంతా ప్యాడ్ తప్పు కాదు. కొన్ని కాంపౌండ్లలో రాపిడి పొడి తిప్పేకొద్దీ విరిగి సన్నబడుతుంది. అది పూర్తిగా విరగకముందే ఆపేస్తే మసక మిగులుతుంది. ఇంకొన్నిట్లో పొడి మొదటినుంచి చివరిదాకా ఒకే సైజు. డబ్బా మీద చదవకుండా ప్యాడ్‌ని తిడితే ఎలా?

స్పానర్:
డ్రిల్లుకి ప్యాడ్ తగిలించి చేయొచ్చా?

ఆదివారంపని:
డబ్బా చదవడం వచ్చండీ. నా మొదటి కారు ఒక షాపువాడికిచ్చాను, రబ్బింగ్ పాలిష్ అని. బానెట్ అంచు దగ్గర క్లియర్ కోట్ లేచిపోయి రంగు బయటపడింది. "పాత కారు సార్, ముందే అలా ఉంది" అన్నాడు. ఆ బానెట్ మళ్లీ పెయింట్ చేయించాను. అతనూ రోజూ చేసే పనే అన్నాడు.

పెయింట్‌షెడ్డు:
వాడు వాడింది రోటరీ అయ్యుంటుంది. రోటరీ నొక్కినా ఆగదు, ఒకేచోట తిరుగుతూ కాలుస్తుంది. డ్యూయల్ యాక్షన్‌ని గట్టిగా నొక్కితే ప్యాడ్ తిరగడమే మానేస్తుంది. తమ్ముడి చేతిలో ఉన్నది అది. మీ కోపం ఆ షాపువాడి మీద, నా మైక్రోఫైబర్ ప్యాడ్ మీద చూపిస్తున్నారు.

ఆదివారంపని:
అంచు మీద ఏ మెషీన్ పెట్టినా పెయింట్ పలచగానే ఉంటుంది. ఆ అంచులకి టేపు వేయమని మీరు ఒక్క ముక్క చెప్పలేదు. ప్లాస్టిక్ బంపర్‌లో వేడి ఇనుములోలా పాకదు, అక్కడే నిలిచిపోతుంది. అదీ చెప్పలేదు.

పెయింట్‌షెడ్డు:
అడిగింది ప్యాడ్ గురించి. ఇంట్లో రెండు కార్లు రుద్దినవాళ్లు పాఠాలు చెప్తే వినాల్సిన ఖర్మ.

ఆదివారంపని:
రెండు కాదు, ఒకటే. పదకొండేళ్లుగా ఒకటే కారు. అందుకే చెప్తున్నా. మీ దగ్గరికొచ్చిన కారు సాయంత్రానికి వెళ్లిపోతుంది. మూడోసారి, నాలుగోసారి పాలిష్ చేసేటప్పుడు కింద ఏం మిగిలిందో మీరు చూడరు. ఎండని ఆపేది ఆ క్లియర్ కోటే.

పెయింట్‌షెడ్డు:
సరే, ఇది ముందే అంటే పోయేది. నా దగ్గరికొచ్చే మనిషి కారు చుట్టూ ఫోన్ లైటు పెట్టి తిరుగుతాడు. ఒక్క గీత కనపడినా డబ్బు కోస్తాడు. మీలా "డెబ్బై శాతం పోయింది, చాల్లే" అంటే నా చేతికి ఏమీ రాదు. నేను చెప్పింది గీత మిగలకూడదు అనుకునేవాళ్లకి.

ఆదివారంపని:
తమ్ముడు ఎక్కడా అలా అడగలేదు. పెయింట్ లేచిపోతుందేమోనని టెన్షన్ అన్నాడు.

తిరిగొచ్చినగీత:
డబ్బు కోస్తారని కొందరేం చేస్తారో కూడా చెప్పండి. నా కారు అద్దంలా చేసి ఇచ్చారు. రెండు కడుగులయ్యేసరికి గీతలన్నీ మళ్లీ హాజరు. గీతలు తీయలేదు, గ్లేజ్‌తో, అంటే గీతలు నింపి దాచే పూతతో, పూడ్చారు.

కొత్తచేయి:
మీ గొడవలో మూడు రోజులు గడిచాయి. మీడియం ఫోమ్, ఫైన్ పాలిష్ తెచ్చాను. రంగు చెప్పను. ప్లేటు అంచున మార్కర్‌తో గీత పెట్టుకున్నాను, ప్యాడ్ తిరుగుతుందో లేదో కనపడడానికి. మొదట వంపు దగ్గర నొక్కితే ఆగిపోయింది, తర్వాత చేయి తేలిక చేశాను. టేపు వేసిన చదరంలో నాలుగు సార్లు. అద్భుతం! గీతలు తొంభై శాతం పోయాయి. ఆదివారంపని గారూ, థాంక్స్.

పెయింట్‌షెడ్డు:
ఐసోప్రొపైల్ ఆల్కహాల్ నీళ్లలో కలిపి తుడిచావా?

కొత్తచేయి:
లేదు. ఎందుకు?

పెయింట్‌షెడ్డు:
తుడిచి రా.

కొత్తచేయి:
తుడిచాను. సగం గీతలు తిరిగొచ్చాయి.

ఆదివారంపని:
పాలిష్‌లో నూనె ఉంటుంది, అది గీతల్లో కూర్చుని కనపడనివ్వదు. ఇది నేను మొదటి పోస్టులోనే చెప్పాల్సింది, నాదే తప్పు. ఇప్పుడు ప్యాడ్ రకం మార్చకండి. అదే రకం శుభ్రమైన ప్యాడ్, పాలిష్ మాత్రం ఒక మెట్టు గట్టిది.

పెయింట్‌షెడ్డు:
రెండూ ఒకేసారి మారిస్తే పనిచేసింది ఏదో తెలియదు. ఇందులో ఆయనతో గొడవ లేదు. ప్యాడ్లు ఎన్ని తెచ్చావు?

కొత్తచేయి:
ఒకటి.

పెయింట్‌షెడ్డు:
ఒకటా! కారు మొత్తానికి కనీసం ఐదారు కావాలి. ఊడిన పెయింట్, వాడేసిన పాలిష్ ప్యాడ్‌లో పేరుకుంటే అది కోయడం మానేసి ఊరికే రుద్దుతుంది. ప్రతి చదరం తర్వాత బ్రష్‌తో దులుపు, రెండు ప్యానెళ్లకొకసారి మార్చు. మైక్రోఫైబర్ అయినా, ఫోమ్ అయినా, పసుపైనా.

నురగరాయి:
చూశారా, పసుపు.

కొత్తచేయి:
మీడియం ఫోమ్ ఇంకో ఐదు తెచ్చాను, కాంపౌండ్ కాదు గానీ కాస్త గట్టి పాలిష్. కొత్త చదరం, ఐదు సార్లు, ఆల్కహాల్‌తో తుడిచాను. ఈసారి పోయినవి పోయినట్టే ఉన్నాయి. మసక లేదు, అందుకని ఫినిషింగ్ స్టెప్పు చేయడం లేదు. గోరుకి తగిలే గీతలు మాత్రం రెండున్నాయి. వాటి జోలికి పోను. రేపు బానెట్ మొత్తం.

పెయింట్‌షెడ్డు:
ఆ రెండూ లైటు పెడితే కనపడతాయి.

ఆదివారంపని:
సొంత కారుకి లైటు పెట్టి ఎవరు చూస్తారండీ?

పెయింట్‌షెడ్డు:
నేను చూస్తాను.