ఒకసారి రక్షణ పొందినవాడు దాన్ని కోల్పోతాడా?

ద్రాక్షతీగె

అందరికీ వందనాలు. మా యూత్ గ్రూపులో నాతో పాటు ఏళ్ల తరబడి పాటలు నడిపించిన ఒక అన్న, ఈ మధ్య "నాకిక నమ్మకం లేదు" అని చెప్పి సంఘం వదిలేశాడు. కోపంతో కాదు, ఎవరితోనో గొడవపడీ కాదు. బాగా ఆలోచించుకునే చెప్పాడు. ఆయన బాప్తిస్మం నేను చూశాను. ఆయన సాక్ష్యం విని మారుమనస్సు పొందినవాళ్లు ఇప్పటికీ సంఘంలో ఉన్నారు. ఇప్పుడు కొందరు "ఆయన అసలు రక్షించబడనే లేదు" అంటున్నారు, ఇంకొందరు "రక్షణ పోగొట్టుకున్నాడు" అంటున్నారు. యోహాను 10:28 చదివితే ఒకలా, హెబ్రీ 6వ అధ్యాయం చదివితే ఇంకోలా అనిపిస్తోంది. దయచేసి వాక్యం చూపించి చెప్పండి. నాకు ఇది చర్చ కోసం చర్చ కాదు, రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు.

రోమా_ఎనిమిది

వందనాలు సిస్టర్. రక్షణ ఎవరి పని అన్నది తేలితే మిగతాది తేలుతుంది. ఎఫెసీ 2:8-9 ప్రకారం అది దేవుని వరం, క్రియల వల్ల కలిగింది కాదు. మన బలంతో సంపాదించుకోనిదాన్ని మన బలంతో నిలబెట్టుకోవాలంటే ఎవరం మిగులుతాం? యోహాను 10:28లో తన గొర్రెల గురించి "అవి ఎన్నటికిని నశింపవు" అన్నాడు ప్రభువు. తన చేతిలోనుంచి ఎవడూ అపహరించడని చెప్పి, ఆ వెంటనే తండ్రి చేతి గురించి కూడా అదే మాట చెప్పాడు. రోమా 8:30 చూడండి. ముందుగా నిర్ణయించినవారిని పిలిచాడు, పిలిచినవారిని నీతిమంతులుగా తీర్చాడు, అలా తీర్చినవారిని మహిమపరిచాడు. ఆ వరసలో మధ్యలో రాలిపోయినవాడు ఒక్కడూ లేడు.

మరి వెళ్లిపోయినవాళ్ల సంగతి? 1 యోహాను 2:19 సూటిగానే చెబుతుంది: మనలోనుంచి బయలువెళ్లారు గాని మన సంబంధులు కారు. మత్తయి 7లో ప్రభువు నామంలో ప్రవచించినవాళ్లు, దయ్యాలను వెళ్లగొట్టినవాళ్లు కనిపిస్తారు. వాళ్లతో ఆయన "ఒకప్పుడు తెలుసు, ఇప్పుడు తెలియదు" అనలేదు. "నేను మిమ్మును ఎన్నడును ఎరుగను" అన్నాడు. స్టేజీ మీద పాట నడిపించడం తిరిగి జన్మించినదానికి రుజువు కాదు, ఎంత బాగా నడిపించినా సరే.

ఒక్క విషయం స్పష్టంగా చెప్పాలి. "చెయ్యెత్తి ప్రార్థన చేశావు, ఇక ఎలా బతికినా పరలోకం ఖాయం" అన్నది మా బోధ కాదు. 1618-19లో నెదర్లాండ్స్‌లో సంస్కరణ సంఘాలు జరిపిన డోర్ట్ మహాసభ చెప్పింది కూడా అది కాదు. పరిశుద్ధులు ఘోరంగా పడిపోవచ్చు, దావీదు పడ్డాడు, పేతురు పడ్డాడు. కానీ దేవుడు వాళ్లను చివరి వరకూ వదిలిపెట్టడు, మారుమనస్సులోకి మళ్లీ తెస్తాడు. మేం చెప్పేది ఇదే.

మెలకువగా_ఉండండి

బ్రదర్, మీరు చూపిన వచనాలన్నీ నాకూ ప్రాణమే. కానీ మీరు పక్కన పెట్టినవాటి సంగతేంటి? హెబ్రీ 6లో, తొలగిపోతే మళ్లీ మారుమనస్సులోకి తేవడం అసాధ్యం అని చెప్పినవాళ్లు వెలిగింపబడ్డారు, పరలోక వరాన్ని రుచి చూశారు, పరిశుద్ధాత్మలో పాలివారయ్యారు. ఇది పేరుకు మాత్రమే క్రైస్తవుడైనవాడి వర్ణనా? హెబ్రీ 10:29 ఇంకా గట్టిగా ఉంది. తాను పరిశుద్ధపరచబడిన నిబంధన రక్తాన్నే అపవిత్రంగా ఎంచినవాడి గురించి అక్కడ హెచ్చరిక. ఇక యోహాను 15:6లో బయట పారవేయబడి ఎండిపోయే తీగె ఏ చెట్టుదో ప్రభువే చెప్పాడు. అది ఆయనలో ఉండాల్సిన తీగె.

యోహాను 10లో కూడా 28వ వచనానికి ముందు 27 ఉంది. గొర్రెలు ఆయన స్వరం వింటాయి, ఆయనను వెంబడిస్తాయి. బయటివాడెవడూ లాక్కోలేడన్న వాగ్దానం నిజం. వెంబడించడం తనంతట తానే మానేసినవాడికి కూడా అదే వాగ్దానం వర్తిస్తుందని అక్కడ లేదు.

"నిలబెట్టుకోవాలంటే అది క్రియ అవుతుంది" అన్న వాదన నాకెప్పుడూ అర్థం కాలేదు. బిచ్చగాడు చెయ్యి చాపితే ఆ భిక్ష అతని సంపాదన అయిపోదు కదా. నమ్మడం క్రియ కానప్పుడు, నమ్మికలో కొనసాగడం మాత్రం ఎలా క్రియ అవుతుంది? కొలస్సీ 1:23 షరతు పెట్టే చెబుతోంది: విశ్వాసంలో స్థిరంగా నిలిచి ఉంటే.

ఇంకోటి. మీ సిద్ధాంతమే ధైర్యం ఇస్తుందంటారు. కానీ సిస్టర్ చెప్పిన ఆ అన్నకు కొన్నేళ్ల క్రితం మీకున్న నిశ్చయతే ఉండి ఉంటుంది. ఆయన "ఎన్నడూ రక్షణ పొందలేదు" అంటే, ఈ రోజు నేను పొందానని నాకెలా తెలుస్తుంది?

సంఘ_చరిత్ర_పాఠకుడు

మీ ఇద్దరి వాదనా పాతదే, ఇద్దరి వెనకా పెద్దవాళ్లే ఉన్నారు. 1530 నాటి తమ విశ్వాస ప్రకటన అయిన ఆగ్స్‌బర్గ్ ఒప్పుకోలు 12వ అధికరణంలో లూథరన్లు, ఒకసారి నీతిమంతుడైనవాడు పరిశుద్ధాత్మను కోల్పోడన్న బోధను ఖండించారు. విశ్వాసం వల్లనే నీతి అని ప్రాణాలకు తెగించి నిలబడ్డవాళ్లు వాళ్లు. కాబట్టి "రక్షణ పోవచ్చంటే క్రియల బోధే" అనడం చరిత్ర ముందు నిలవదు. 1610లో డచ్ వేదాంతి అర్మీనియస్ అనుచరులు ఐదు అంశాలు రాసినప్పుడు, ఈ ఒక్క ప్రశ్నను వాక్యంలో ఇంకా పరిశీలించాలని వదిలేశారు. రక్షణ పోదని తేల్చి డోర్ట్ సభ దాన్ని మూసేసింది. 18వ శతాబ్దంలో మెథడిస్టు ఉద్యమం నడిపిన జాన్ వెస్లీ, పోవచ్చంటూ మళ్లీ తెరిచాడు.

వెస్లీ, ఆయన తోటి సువార్తికుడు వైట్‌ఫీల్డ్ ఈ సిద్ధాంతాల మీదే బహిరంగంగా విడిపోయారు. అయినా 1770లో వైట్‌ఫీల్డ్ చనిపోతే, ఆయన కోరిక ప్రకారం లండన్‌లో జ్ఞాపకార్థ ప్రసంగం చేసింది వెస్లీయే. 1846లో వేర్వేరు సంఘాల సువార్తిక క్రైస్తవుల కూటమిగా ఇవాంజెలికల్ అలయన్స్ ఏర్పడినప్పుడు తొమ్మిది అంశాలతో విశ్వాస ప్రమాణం రాసుకున్నారు. లేఖనాల ప్రేరణ, త్రిత్వం, మనిషి పతనం, క్రీస్తు ప్రాయశ్చిత్తం, విశ్వాసం వల్లనే నీతి, ఆత్మ ద్వారా మారుమనస్సు, తీర్పు ఇవన్నీ ఉన్నాయి. ఈ ప్రశ్న లేదు. 1974లో ప్రపంచ సువార్త మహాసభ రాసుకున్న లాసాన్ నిబంధనలోనూ దీన్ని తేల్చలేదు. సిలువ దగ్గర రాజీ లేదు, కొత్త జన్మ దగ్గర రాజీ లేదు. దీని దగ్గర మాత్రం ఒకే బల్ల దగ్గర కూర్చుని విభేదించవచ్చని వాళ్లు అనుకున్నారు, సరిగ్గానే అనుకున్నారని నా నమ్మకం.

రోమా_ఎనిమిది

హెబ్రీ 6ని 6వ వచనం దగ్గర ఆపేయకండి, మెలకువ బ్రదర్. 7, 8 వచనాల్లో ఒకే వాన తాగిన నేల గురించి ఉంది. మంచి పైరు ఇచ్చేది దీవెన పొందుతుంది, ముళ్లతుప్పలు ఇచ్చేది కాల్చబడుతుంది. వాన పడటం వేరు, పంట రావడం వేరు. 9వ వచనంలో రచయిత వాళ్లతో, మీ విషయంలో ఇంతకంటే మంచిదీ రక్షణకరమైనదీ మేం రూఢిగా నమ్ముతున్నాం అంటాడు. అంటే పైన చెప్పిన అనుభవాలన్నీ ఉండి కూడా రక్షణ లేకపోవచ్చన్నమాట. ప్రభువును అప్పగించిన యూదా ఇస్కరియోతు పన్నెండుమంది శిష్యులతో పాటు అధికారం పొంది ప్రకటించడానికి వెళ్లినవాడే.

నాకెలా తెలుస్తుంది అన్నారు. నా నమ్మిక గట్టితనం చూసుకుంటే నాకూ తెలియదు. పేతురుతో "నీ నమ్మిక తప్పిపోకుండునట్లు నేను నీకొరకు వేడుకొంటిని" అన్న ప్రభువును చూస్తేనే తెలుస్తుంది.

గొర్రెల_కాపరి

సంఘ కాపరిగా ఒక మాట. అపొస్తలుల కార్యాలు 27 తీసి చదవండి. తుపానులో ఓడ మునిగేలా ఉంది. 276 మంది ఉన్నారు. ఒక్క ప్రాణం కూడా పోదని దేవదూత పౌలుకు ముందే చెప్పాడు. అది తిరుగులేని వాగ్దానం. అయినా ఓడవాళ్లు పడవ దించుకుని పారిపోబోతుంటే, వీళ్లు ఓడలో ఉండకపోతే మీరు తప్పించుకోలేరని అదే పౌలు శతాధిపతితో అన్నాడు. సైనికులు వెంటనే తాళ్లు కోసేశారు. పౌలు హెచ్చరిక నాటకం కాదు, వాగ్దానం అబద్ధమూ కాదు. దేవుడు తన వాగ్దానాన్ని ఆ హెచ్చరిక ద్వారానే నెరవేర్చాడు. హెబ్రీ పత్రికలోని హెచ్చరికలను నేను ఇలాగే బోధిస్తాను, మెత్తబరచకుండా.

సిస్టర్, ఆ అన్న విషయంలో "ఎన్నడూ లేదు", "పోయింది" ఈ రెండు తీర్పులూ తొందరపాటే. ప్రభువు ఎవరో తెలియదన్న పేతురును కోడి కూసిన ఆ రాత్రి చూసినవాడెవడైనా ఇలాంటి తీర్పే ఇచ్చేవాడు. యాకోబు 5:19-20 సత్యంనుంచి తొలగినవాడిని మళ్లించమని చెబుతోంది, అతను ఏ గుంపువాడో తేల్చమని కాదు. ఆయన దగ్గరికి మీ అందరిలో ఎవరైనా వెళ్లారా? ఆయన ప్రశ్నలు ఏమిటో ఒక్కరైనా కూర్చుని విన్నారా? వాదించకుండా వినండి ముందు.

ద్రాక్షతీగె

లేదండీ, ఎవరూ వెళ్లలేదు. ఆదివారం సాయంత్రం వస్తానని ఈ రోజే మెసేజ్ పెట్టాను, రమ్మన్నాడు. ఓడ సంగతి నాకు చాలా ఉపయోగపడింది. కానీ యోహాను 15:6కి ఇంకా జవాబు రాలేదు. రోమా బ్రదర్, ఆ తీగె ఎవరు?

రోమా_ఎనిమిది

వెనక్కి 13వ అధ్యాయానికి వెళ్లండి, శిష్యులతో ప్రభువు చివరి రాత్రి భోజనం దగ్గరికి. 10, 11 వచనాల్లో "మీరు పవిత్రులే, కానీ అందరూ కాదు" అన్నాడు, తనను అప్పగించేవాడు తెలుసు కాబట్టి. 30వ వచనంలో యూదా బయటికి వెళ్లిపోయాడు. ఆ తర్వాతే 15:3లో మిగిలినవాళ్లతో మీరిప్పుడు పవిత్రులై ఉన్నారన్నాడు, ఈసారి మినహాయింపు లేదు. ఎండిపోయి పారవేయబడిన తీగె అప్పటికే గది దాటి వెళ్లిపోయినవాడు.

మెలకువగా_ఉండండి

ఇది బలమైన జవాబే, ఒప్పుకుంటాను. కానీ ఆ తర్వాతి వచనంలో "నాయందు నిలిచియుండుడి" అని చెప్పింది యూదాకు కాదు బ్రదర్, ఆ గదిలో మిగిలిన పదకొండుమందికి. దాని గురించి రాయండి, ఎదురుచూస్తుంటాను.